వినేవాళ్ళ బొమ్మలు



చోడవరం చుట్టుపక్కల, గోవాడలోనూ, వడ్డాదిలోనూ, మాడుగుల దారిలోనూ ఇప్పుడు రేడియో వింటున్న వాళ్ళందరికీ ముందుగా ఒక ప్రశ్న. మీ చేతికి రంగులూ కుంచే ఇచ్చి, శబ్దానికి బొమ్మ గీయమంటే ఏం గీస్తారు? చెట్టు గీయమంటే చెట్టు గీస్తారు. గుడి గీయమంటే గోపురం గీస్తారు. మరి పాట? పాటకి ఆకారం లేదు, రంగు లేదు. నోరు తెరిచిన గాయకుణ్ణి గీయొచ్చు. కాని ఆ నోరు తెరిచినవాడు పాడుతున్నాడో, దూరాన ఉన్న మనిషిని కేకేస్తున్నాడో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

సుమారు 130 ఏళ్ళ కిందట పారిస్ నగరంలో కొందరు చిత్రకారులకు సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. అప్పుడు కొత్త కొత్త యంత్రాలు పుడుతున్నాయి. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి నాటకం వినిపించే యంత్రం. మాటను పట్టి దాచి, మళ్ళీ పలికించే యంత్రం. బొమ్మల్ని కదిలించే యంత్రం. జనం ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు. చూసినా ఏముంది? ఒక చెక్కపెట్టె, దానికో గొట్టం. అది ఏం చేస్తుందో చూపుకి అందదు. కాని అమ్మాలి. గోడ మీద ఒక పోస్టరు అంటించి, పనిమీద పోతున్న మనిషిని ఆపి, ఇది మన ఇంట్లో ఉంటే బాగుణ్ణు అనిపించాలి.

ఆ చిత్రకారులు పట్టుకున్న దారి చాలా గొప్పది. వాళ్ళు శబ్దాన్ని గీయలేదు. యంత్రానికి పెద్దపీట వేయలేదు. వింటున్న మనిషిని గీశారు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, చాలు. వింటున్న మనిషిని గీశారు. ఈ ప్రసంగం అంతా ఆ ముఖాల గురించే.

కథ 1881లో మొదలవుతుంది. ఆ ఏడు ఫ్రాన్సులో రెండు సంగతులు జరిగాయి. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. మొదటిది చట్టం. జూలై 29న పత్రికా స్వేచ్ఛ చట్టం వచ్చింది. గోడల మీద అంటించే కాగితాల సంగతి కూడా అందులోనే ఉంది. ప్రభుత్వం తనకోసం ఉంచుకున్న చోట్లు వదిలేస్తే, మిగతా చోట్ల పోస్టరు అంటించడానికి పాత ఆంక్షలు తొలగిపోయాయి. ఇవాళ్టికీ ఫ్రాన్సులో కొన్ని పాత గోడల మీద ఆ చట్టం తేదీ వేసి, ఇక్కడ కాగితాలు అంటించరాదు అని రాసి ఉంటుంది. ఆ చట్టంలో ఇంకో నిబంధన ఉంది. తెల్ల కాగితం ప్రభుత్వ ప్రకటనలకు మాత్రమే. తెలుపు సర్కారుది. వ్యాపారులకు మిగిలినవి రంగులు.

రెండో సంగతి వినండి. అదే 1881లో పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది. అక్కడ క్లెమెంట్ అదేర్ అనే ఇంజనీరు ఒక కొత్త ఏర్పాటు చేశాడు. పారిస్ ఒపేరా థియేటర్లో, వేదిక ముందంచున దీపాల వరస పక్కనే, టెలిఫోను మైకులు అమర్చాడు. అక్కణ్ణుంచి నగరం కింది మురుగుకాలువల గుండా తీగలు లాగాడు. రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ప్రదర్శనశాల. అక్కడ ఒక గదిలో జనం నిలబడి, రెండు చెవులకీ రెండు గొట్టాలు ఆనించుకున్నారు. ఒపేరాలో పాడుతున్న పాట అప్పటికప్పుడు వాళ్ళ చెవుల్లో పడింది.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. ఒక చెవికి వేదిక ఎడమవైపు మైకు. రెండో చెవికి కుడివైపు మైకు. గాయకుడు వేదిక మీద ఇటునుంచి అటు నడిస్తే, అతని గొంతు కూడా ఇటునుంచి అటు నడిచినట్టు వినిపించేది. ఇప్పుడు స్టీరియో అంటున్నామే, అది! రేడియో పుట్టకముందే, సినిమా పుట్టకముందే, 1881లోనే పారిస్ జనం స్టీరియో విన్నారు. మహారచయిత విక్టర్ హ్యూగో ఆ ఏడు చివర్లో మనవణ్ణీ మనవరాలినీ వెంటపెట్టుకుని తపాలాశాఖ మంత్రి ఇంటికి వెళ్ళి ఇది విన్నాడు. పిల్లలూ తానూ మురిసిపోయిన సంగతి డైరీలో రాసుకున్నాడు.

తర్వాత 1890లో దీన్ని వ్యాపారంగా నడపడానికి ఒక కంపెనీ వచ్చింది. యంత్రం పేరు థియేట్రోఫోన్. హోటళ్ళలో, కాఫీ క్లబ్బుల్లో పెట్టెలు పెట్టారు. యాభై సెంటీమ్‌ల నాణెం వేస్తే ఐదు నిమిషాలు పాట. ఒక ఫ్రాంకు వేస్తే పది నిమిషాలు. డబ్బున్నవాళ్ళు చందా కట్టి ఇంటికే తీగ వేయించుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని, ఊళ్ళో ఏ థియేటర్లో ఏం జరుగుతోందో వినేవాళ్ళు. అదే 1890లో అదేర్ మహాశయుడు ఏం చేస్తున్నాడో తెలుసా? ఆవిరి ఇంజనుతో నడిచే విమానం తయారుచేసి, దాన్ని నేల మీది నుంచి పైకి లేపే ప్రయత్నంలో ఉన్నాడు. పాటకు రెక్కలు కట్టినవాడే తనకూ రెక్కలు కట్టుకోబోయాడు.

సరే, కంపెనీ వచ్చింది. మరి జనానికి చెప్పడం ఎలా? అప్పుడు పిలిచారు జూల్ షేరే అనే చిత్రకారుణ్ణి.

షేరే గీసిన థియేట్రోఫోన్ పోస్టరు పెద్ద కాగితం. సగటు మనిషి ఛాతీ దాకా వస్తుంది. అందులో ఒక యువతి. పసుపు గౌను. రెండు గొట్టాలు చెవులకు ఆనించుకుని ఉంది. ఆమె వెనక నీలి ఛాయల్లో మరికొందరు. చూసేవాడి కన్ను వేరే ఎక్కడా నిలవదు, నేరుగా ఆ పసుపు మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆ ముఖం మీదికి చేరుతుంది. ఆ ముఖంలో ఏముంది? ఎక్కడో దూరంగా జరుగుతున్నది ఇక్కడే వింటున్న మనిషి ముఖంలో ఉండే వెలుగు ఉంది. ఆమె చూస్తున్నది మనవైపు కాదు, వింటున్నది మన గోల కాదు. పోస్టరు ముందు నిలబడ్డవాడికి పుట్టే కోరిక ఒక్కటే. ఆమెకి ఏం వినిపిస్తోంది? నాకూ వినిపిస్తే బాగుణ్ణు.

తీగ ఎలా పనిచేస్తుందో ఆ పోస్టరులో లేదు. ఏ మైకు ఎక్కడ పెట్టారో లేదు. ఒక వినే ముఖం ఉంది. అంతే. ఇంజనీరు పదేళ్ళు చెప్పినా ఎక్కనిది చిత్రకారుడు ఒక్క ముఖంతో చెప్పేశాడు.

ఈ షేరే ఎవరు? 1836లో పారిస్‌లో, అచ్చుకూడంలో అక్షరాలు పేర్చే కార్మికుడి ఇంట పుట్టాడు. పేదరికం. పదమూడో ఏట లిథో అచ్చు పనిలో చేరాడు. తర్వాత లండన్ వెళ్ళాడు. అక్కడ యూజీన్ రిమ్మెల్ అనే అత్తరు వ్యాపారి ఇతని చేతిలోని పనితనం గుర్తించి, పని ఇచ్చి, వెన్నుదన్నుగా నిలిచాడు. ఆ అండతో షేరే 1866లో పారిస్ తిరిగొచ్చి సొంత ప్రెస్సు పెట్టాడు. ఈ అత్తరు వ్యాపారిని కాస్త గుర్తుంచుకోండి. మన దేశంలోనూ ఇలాంటివాడు ఒకడు తగులుతాడు.

లిథో అంటే రాతి అచ్చు. నున్నగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాతిని తడుపుతారు. తర్వాత సిరా రాస్తారు. జిడ్డు ఉన్నచోట సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. కాగితం వేసి నొక్కితే బొమ్మ పడుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి. అంటే ఐదు రంగులు కావాలంటే ఐదు రాళ్ళు, ఐదుసార్లు అచ్చు. ప్రతిసారీ కాగితం వెంట్రుకవాసి కూడా జరగకూడదు. షేరే గొప్పతనం ఏమిటంటే, మూడు నాలుగు రాళ్ళతోనే రంగుల పండగ చేశాడు. నల్ల గీతకి ఒక రాయి, ఎరుపుకి ఒక రాయి, పైన చల్లని రంగు నుంచి కిందికి వెచ్చని రంగులోకి జారే నేపథ్యానికి ఒక రాయి. పైగా ఎవరో గీసింది నకలు తీయడం కాదు. తానే రాతి మీద గీసేవాడు.

రాతి అచ్చు మనకి కొత్తేం కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో లక్ష్మీ సరస్వతుల బొమ్మలు అచ్చయింది ఈ పద్ధతిలోనే. మన ఇళ్ళలో తాతల నాటి దేవుడి గదిలో అద్దం కట్టించి పెట్టిన ఆ పటాలూ, పారిస్ గోడ మీది పసుపు గౌను యువతీ ఒకే రకం రాతి మీద పుట్టారు.

షేరే జీవితంలో వెయ్యికి పైగా పోస్టర్లు గీశాడు. పారిస్ జనం ఆ పోస్టర్ల కోసం పిచ్చెక్కిపోయారు. రాత్రివేళ తడి స్పాంజి పట్టుకుని వెళ్ళి, గోడ మీది పోస్టరు చిరక్కుండా ఊడదీసుకునేవాళ్ళు. అంటించేవాడి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, ముందే ఒకటి దక్కించుకునేవాళ్ళు. 1891 నాటికి సాగో అనే వ్యాపారి పోస్టర్ల కేటలాగే వేశాడు. 1895 నుంచి 1900 దాకా మేటి పోస్టర్లను చిన్న సైజులో అచ్చువేసి నెలనెలా చందాదార్లకి పంపారు. ఆ పిచ్చి వల్లనే ఇవాళ ఆ బొమ్మలు మిగిలాయి. లేకపోతే, గోడ మీద పల్చని కాగితానికి ఆయుష్షు ఎంత? నాలుగు వానలు.

థియేట్రోఫోన్ విన్నవాళ్ళలో ఒకణ్ణి తలుచుకోవాలి. మార్సెల్ ప్రూస్ట్, నవలాకారుడు. ఉబ్బసం మనిషి. బయటికి వెళ్ళలేక రోజుల తరబడి మంచం మీదే ఉండేవాడు. 1911లో చందా కట్టి థియేట్రోఫోన్ పెట్టించుకున్నాడు. తన పడకగదిలో పడుకుని వాగ్నర్ సంగీతం విన్నాడు, దెబ్యుస్సీ ఒపేరా విన్నాడు. కదల్లేని మనిషి దగ్గరికి ఒపేరా నడిచొచ్చింది. షేరే బొమ్మలోని ఆ యువతి చేసిన వాగ్దానం అదే కదా!

ఇప్పుడు కదిలే బొమ్మల దగ్గరికి వద్దాం. ఎమిల్ రేనో అనే ఆయన 1877లో ప్రాక్సినోస్కోపు అనే ఆటవస్తువు చేశాడు. ఒక గుండ్రటి డబ్బా. లోపల చుట్టూ బొమ్మల పట్టీ. నడుమ అద్దాలు. డబ్బా తిప్పితే అద్దంలో బొమ్మ గెంతుతుంది, బంతి ఎగరేస్తుంది. పిల్లలున్న ఇళ్ళకి ఇది కొత్త వేడుక. రేనో అక్కడితో ఆగలేదు. వందలాది బొమ్మలు చేత్తో గీసి, పొడుగాటి పట్టీలుగా కుట్టి, 1892 అక్టోబరులో పారిస్‌లోని గ్రెవెన్ మ్యూజియంలో తెరమీద ఆడించాడు. దానికి పోస్టరు గీసింది ఎవరు? మళ్ళీ మన షేరేనే. కొన్నేళ్ళకి సినిమా వచ్చి రేనో ప్రదర్శన మూతపడింది. ఆయన దుఃఖంతో తాను గీసిన పట్టీల్లో చాలావాటిని సేన్ నదిలో పారేశాడు. రెండు మిగిలాయి. మనిషి చేతులతో గీసిన తొలి సినిమా బొమ్మలు నది పాలయ్యాయి. గోడకి అంటించిన పోస్టరు మాత్రం బతికింది.

ఆ సినిమా తెచ్చింది లూమియేర్ సోదరులు. 1895 డిసెంబరు 28, పారిస్‌లో గ్రాండ్ కేఫ్. వాళ్ళ తండ్రి ఆంత్వాన్ మొదట్లో బోర్డులు రాసే పెయింటరే. 1896లో ఓజోల్ అనే చిత్రకారుడు వాళ్ళకొక పోస్టరు గీశాడు. తెర మీద తోటమాలి, అతని ముఖాన నీళ్ళు చిమ్ముతున్న గొట్టం. ఆ సినిమా నిడివి నిమిషం కూడా లేదు. కాని పోస్టరులో చూడాల్సింది తెర కాదు. తెర ముందు కూర్చున్న జనం. పెద్దవాళ్ళు, పిల్లలు, పడి పడి నవ్వుతున్నారు. సినిమా ఎలా ఉంటుందో తెలియని మనిషికి సినిమా చూసేవాళ్ళని చూపించాడు. మళ్ళీ అదే దారి. యంత్రం కాదు, మనిషి ముఖం.

కాబట్టి శ్రోతలారా, ఇప్పటిదాకా రెండు ముఖాలు చూశాం. థియేట్రోఫోన్ వింటున్న పసుపు గౌను యువతి. సినిమా చూసి నవ్వుతున్న జనం. మూడో ముఖం మనిషిది కాదు. ఆ ముఖం మీకు తెలిసిందే. కాని దాని దగ్గరికి వెళ్ళేముందు ఒక కోడిపుంజు సంగతి చెప్పాలి.

ఛార్లెస్ పాథే ఒక మాంసం కొట్టు యజమాని కొడుకు. 1894లో తిరునాళ్ళలాంటి ఒక సంతలో ఎడిసన్ ఫోనోగ్రాఫు, అంటే మాటను దాచి పలికించే ఆ యంత్రం, విన్నాడు. డబ్బులిచ్చి పాట వినడానికి జనం వరస కట్టారు. వెంటనే తానూ ఒక యంత్రం కొన్నాడు. ఊరూరా తిప్పాడు. అన్నదమ్ములు కలిసి 1896లో పాథే ఫ్రేర్ అనే కంపెనీ పెట్టారు. గుర్తు కోడిపుంజు. ఫ్రాన్సు దేశానికే గుర్తు అది. మెడ సాచి, గొంతెత్తి కూస్తున్న పుంజు. పాథే రికార్డు ప్లేట్లకి ఒక వింత ఉండేది. మొదట్లో అవి నడుమ నుంచి మొదలై అంచుకి వచ్చేవి. ఇనప ముల్లు కాకుండా నీలమణి మొన వాడేవాళ్ళు. పాట పాటకీ ముల్లు మార్చే పని లేదు.

ఇప్పుడు మూడో ముఖం. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బారో అనే చిత్రకారుడు ఉండేవాడు. అన్న చనిపోయాక అతని కుక్క నిప్పర్ ఇతని దగ్గరికి చేరింది. అది ఫోనోగ్రాఫు బాకా దగ్గర చేరి, తల పక్కకి వంచి, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందా అని వినేది. నిప్పర్ 1895లో చచ్చిపోయింది. తర్వాత బారో దాని బొమ్మ గీశాడు. ఫోనోగ్రాఫు కంపెనీ వాళ్ళకి చూపిస్తే, కుక్కలు ఫోనోగ్రాఫు వింటాయా అని తిప్పి పంపారని చెబుతారు. బొమ్మలోని నల్ల బాకా బదులు మెరిసే ఇత్తడి బాకా పెడదామని, నమూనా కోసం లండన్‌లో గ్రామఫోన్ కంపెనీకి వెళ్ళాడు. అక్కడి మేనేజరు బొమ్మ చూసి, ఆ యంత్రం చెరిపి మా గ్రామఫోను గీస్తే కొంటానన్నాడు. 1899లో కొన్నారు. ఇచ్చింది మొత్తం 100 పౌన్లు. అసలు చిత్రాన్ని వాలు వెలుగులో చూస్తే, కింద పాత యంత్రం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అదే హిజ్ మాస్టర్స్ వాయిస్. అదే మన హెచ్చెమ్వీ. అదే మన ఊళ్ళలో కుక్కబొమ్మ రికార్డు.

ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. పుంజు కూస్తోంది. కుక్క వింటోంది. ఒకటి గొంతు, ఇంకోటి చెవి. రెండూ మంచి బొమ్మలే. కాని మనసులో నిలిచింది ఏది? కుక్కే. ఎందుకంటే ఆ బొమ్మలో కొనేవాడు తనని తాను చూసుకున్నాడు. తాను కూడా అలాగే తల వంచి వింటాడు. చిత్రమేమిటంటే, పాథే రికార్డుల వ్యాపారాన్ని 1928లో కొలంబియా కంపెనీ కొనేసింది. 1931లో కొలంబియా, కుక్కబొమ్మ కంపెనీ కలిసిపోయి ఈఎంఐ అయ్యాయి. చివరికి పుంజూ కుక్కా ఒకే గూటికి చేరాయి.

ఇక మన దేశానికి వద్దాం. ఇందాక అత్తరు వ్యాపారిని గుర్తుంచుకోమన్నాం కదా. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ అనే ఆయన ఉండేవాడు. తలనూనెలూ అత్తర్లూ అమ్మేవాడు. ఆయన పాట మీద ప్రేమతో ఫోనోగ్రాఫు రికార్డులు తీయడం మొదలుపెట్టాడు. రవీంద్రనాథ టాగూరు గొంతు కూడా పట్టాడు. తర్వాత పాథే కంపెనీతో కలిసి, పాథే హెచ్. బోస్ పేరుతో ప్లేట్లు అమ్మాడు. అక్కడ లండన్‌లో షేరేని నిలబెట్టినవాడు అత్తరు వ్యాపారి. ఇక్కడ కలకత్తాకి ఫ్రెంచి ప్లేటు తెచ్చినవాడూ అత్తరు వ్యాపారే.

మరి తెలుగువాళ్ళలో ఫ్రెంచి యంత్రం తెచ్చినవాడు ఎవరు? రఘుపతి వెంకయ్య. మచిలీపట్నంలో 1869లో పుట్టాడు. చిన్నతనంలోనే మద్రాసు చేరి, ఫొటోగ్రాఫరుగా పేరు తెచ్చుకుని, మౌంట్ రోడ్డులో స్టూడియో పెట్టాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో లియాన్ గోమో అనే ఆయన బొమ్మకీ పాటకీ ముడివేసే యంత్రం చేశాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన ప్లేటు తిరుగుతుంది. హాలంతటికీ వినిపించాలి కదా. అందుకు బిగపట్టిన గాలి సాయంతో శబ్దాన్ని పెంచేవాడు. ఆ యంత్రం పేరు క్రోనో మెగాఫోన్. టాకీలు రావడానికి ఇంకా ఇరవయ్యేళ్ళు ఉంది.

వెంకయ్య ఆ యంత్రం కోసం తన స్టూడియోని తాకట్టు పెట్టాడు. 30,000 రూపాయలు. 1910 ప్రాంతంలో ఆ డబ్బు విలువ ఎంతో ఊహించుకోండి. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించాడు. డేరా వేసి ఆడించాడు. ఆంధ్ర ప్రాంతానికీ, బెంగుళూరుకీ, సింహళానికీ, బర్మాకీ తీసుకెళ్ళాడు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ని సినిమా నేర్చుకోవడానికి విదేశాలకి పంపాడు. ఆ తండ్రీకొడుకులు 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీశారు. తెలుగు సినిమా పితామహుడని ఆయన పేరున ప్రభుత్వం అవార్డు నెలకొల్పింది. బొమ్మ మాట్లాడితే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియని రోజున, ఒక బందరు మనిషి తన స్టూడియోనే పణంగా పెట్టి ఊరూరా చూపించాడు. ఇంతకంటే గుండెధైర్యం ఏముంటుంది?

డేరాలోకి వెళ్ళి చూసేది ఒకటి. ఇంట్లోకి వచ్చింది గ్రామఫోను. కీ ఇవ్వాలి. ముల్లు మార్చాలి. ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలు పాడుతుంది. ఈ మూడు నిమిషాలే మన పద్యానికి పెద్ద పరీక్ష. నాటకం స్టేజి మీద కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే రాగం ఎంతసేపైనా సాగుతుంది. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడాలి. ప్లేటు మీద అది కుదరదు. రాగాన్ని మడిచి, కుదించి, మూడు నిమిషాల్లో సర్దాలి. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల పద్యాలు అలా సర్దుకుని ప్లేటెక్కి, నాటకం రాని పల్లెలకి కూడా చేరాయి. వన్స్ మోర్ అనాలనిపిస్తే, ముల్లు ఎత్తి మళ్ళీ మొదట పెడితే సరి. మన విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కూడా అలాగే ఇళ్ళకి వచ్చింది. ఆ తర్వాత ఘంటసాల వారి పుష్పవిలాపం. చాలావాటికి నడుమ గుండ్రటి కాగితం మీద అదే కుక్క. చదువురాని వాళ్ళు కూడా ఆ బొమ్మ చూసి రికార్డు గుర్తుపట్టేవాళ్ళు. షేరే రోజుల్లో పారిస్ గోడ మీది బొమ్మ ఏ పని చేసిందో, మన పల్లెల్లో ఆ చిన్న బొమ్మ అదే పని చేసింది.

తర్వాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం. 1963లో మన విశాఖపట్నం కేంద్రం. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో పెట్టుకున్న ఇల్లు ఊరికొకటో రెండో. మిగతావాళ్ళకి పంచాయతీ రేడియో. సాయంత్రం రచ్చబండ దగ్గర జనం చేరి వినేవాళ్ళు. అప్పుడు రేడియోని అమ్మిన బొమ్మ ఏది? పెద్దవాళ్ళకి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. మర్ఫీ రేడియో పసివాడు! నోటి మీద వేలు పెట్టుకుని, కళ్ళు విప్పార్చి చూస్తున్న బిడ్డ. పత్రికల్లో, క్యాలెండర్లలో, కొట్ల గోడల మీద ఆ బిడ్డే. ఆ బొమ్మలో కూడా రేడియో వెనక్కి తగ్గింది. ముందున్నది వింటున్న ముఖం.

నాలుగు ముఖాలయ్యాయి. పసుపు గౌను యువతి, నవ్వుతున్న జనం, తలవంచిన కుక్క, వేలు పెట్టుకున్న పసివాడు. దేశాలు వేరు, యంత్రాలు వేరు. కాని గీసినవాళ్ళు అందరూ పట్టుకున్నది ఒక్కటే. చూస్తున్న ముఖం, లేదా వింటున్న ముఖం.

థియేట్రోఫోన్ సేవ 1932లో ఆగిపోయింది. రేడియో వచ్చాక తీగ పాటకి గిరాకీ పోయింది. షేరే కూడా అదే 1932లో నీస్ నగరంలో కన్నుమూశాడు. తొంభై ఆరేళ్ళు. గోడలన్నిటికీ రంగులద్దిన ఆయనకి చివరి ఏళ్ళలో చూపు పోయింది.

ఆ పోస్టర్లు చూడాలనుకుంటే పారిస్ దాకా వెళ్ళక్కర్లేదు. ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వారు గాలికా అనే పేరుతో ఇంటర్నెట్‌లో తమ పాత సంపదని ఉచితంగా పెట్టారు. షేరే పోస్టర్లు అందులో ఫోను మీద చూడొచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, జూల్ షేరే పేరు చెప్పి వెతకమనండి. కదిలే బొమ్మల కోసం ఎమిల్ రేనో పేరు కూడా చెప్పండి.

మన బొమ్మల్ని దాచిన గ్రంథాలయాలు మాత్రం తక్కువ. కుక్కబొమ్మ రికార్డుల కాగితపు కవర్లు, కంపెనీలు వేసిన పాటల జాబితాల పుస్తకాలు, రేడియో కొట్లవాళ్ళు పంచిన క్యాలెండర్లు ఇంకా కొన్ని ఇళ్ళలో అటకల మీద, ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు అవి చేతికొస్తే పాతసామాన్లవాడికి వేసేయకండి. చెమ్మ తగలని చోట, రెండు అట్టల మధ్య మడత పడకుండా పెట్టండి. ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో కొన్నారో, ఏ ఏటిదో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఒక చీటీ మీద రాసి, ఆ అట్ట వెనక అంటించండి.